కూర్మమ్మ వేళ్లకి లొంగిన బటన్లు

నూతివలసలో కూర్మమ్మ నోటికి జడవని మనిషి ఒక్కడే. వాళ్లాయన నారాయణమూర్తి. ఆయనకి రెండు చెవులూ వినబడవు.

మిగిలిన ఊరంతా, నూలు సంఘం సెక్రటరీ జగన్నాధంతో సహా, ఆవిడ వాకిలి ముందు నుంచి పోవలసి వస్తే నాలుగడుగులు బేగి వేసేవారు. ఆవిడ ఎవర్నీ ఊరకే అనదు. తప్పు దొరికితేనే అంటుంది. కాకపోతే తప్పు దొరకడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టదు.

అరవై మూడేళ్లు. చదువు మూడో తరగతి, అదీ సగం. ఆ ఏడు వాళ్లమ్మకి జ్వరం తగిలి రాట్నం దగ్గర కూచోడానికి మనిషి లేకపోతే, ఈ పిల్ల బడి మానేసి వచ్చి కూచుంది. అమ్మకి జ్వరం తగ్గింది గాని పిల్ల రాట్నం ముందు నుంచి మళ్లీ లేవలేదు. పొందూరు చుట్టుపక్కల ఆడవాళ్లకి అదొక చదువే. వలుగ చేప దవడతో పత్తి దువ్వాలి, ఏకులు చుట్టాలి, అవి నలగకుండా ఎండు అరటి డొప్పలో దాచాలి, కదురు ముందు కూచుని వెంట్రుక కన్నా సన్నంగా నూలు తియ్యాలి. తడి వేలికి సన్న నూలు తెగుతుందని కూర్మమ్మ పక్కనే చిన్న ముంతలో జల్లెడపట్టిన బూడిద ఉంచుకునేది. ఏ పని మొదలెట్టినా ముందు ఆ ముంతలో వేళ్లు ముంచడం ఆవిడకి అలవాటు.

అంత మనిషికీ ఒక దిగులుండేది. నూతివలస నూలంతా ఏటవతల ఊళ్లో ఉన్న పెద్ద సెంటరుకి పోయి, అక్కడ కట్టలు కట్టి, అక్కడి పేరుతోనే నేతగాళ్లకి వెళ్లేది. ఆ మధ్య విజయనగరంలో ఖాదీ ప్రదర్శన పెట్టారంటే, తోటికోడలు కాంతాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్లింది. అద్దాల పెట్టెలో ఒక తెల్ల చీర. చూస్తూనే పోల్చుకుంది, అది తన నూలే. తన పురి తనకి తెలీదా. కింద అట్టముక్క మీద మాత్రం ఏటవతల ఊరి పేరుంది.

"ఇది నా సేతి నూలు బాబూ," అంది అక్కడున్న మనిషితో.

"అలాగే అమ్మా," అన్నాడతను, ఇంకొకరికి తువ్వాలు చూపిస్తూ.

ఆ "అలాగే" ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇంటికొచ్చాక వారం రోజులు అన్నం సయించలేదు. ఎవర్నీ తిట్టలేదు కూడాను. ఊరు హడిలిపోయింది.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం జగన్నాధం సంఘం షెడ్డులో నలభై మంది ఆడవాళ్లనీ కూచోబెట్టి, బల్ల మీద నల్లటి పెట్టె ఒకటి పెట్టాడు. అతను నారాయణమూర్తికి చిన్నాన్న కొడుకు. కూర్మమ్మకి మరిది వరస, అందుకని ఆవిడ దగ్గర రెండు మాటలు ఎక్కువే పడేవాడు.

"ఇనండర్రా. ఇది లాప్‌టాపు. రెండు ఊళ్లకీ కలిపి ఒకటే ఇచ్చారు. ఇక మీదట నూలు వివరం ఇందులోనే ఎక్కించాల. ఏ ఊరు, ఎవులు వడికినారు, అన్నీ. ఇది ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పేరే ముందు ఎక్కుతాది. అయితే దీన్ని నూలు వడికే ఆడదే తన సేత్తో నడపాలంట. నాలాటోడు ముట్టుకోకూడదంట. వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం ఆఫీసరుగారు వీడియోలో సూస్తారు. ఎవులు నడిపితే ఆల ఊళ్లోనే ఉంచేస్తారు."

"మరేటంటావు?" అంది కూర్మమ్మ, రాట్నం ఆపకుండానే.

"అనడానికేటుంది వొదినా. ఏటవతల డిగ్రీ సదివిన కోడలు ఒకర్తి ఉన్నాది. ఇక్కడ మీరు సంతకం ఎట్టడానికే పూట తీసుకుంటారు. రేపు ఆటోలో ఎట్టి అటు పంపించేద్దాం."

"పంపించు. ఆ ఆటోలోనే నువ్వూ ఎక్కీ. మిషనూ నేక, నూలుకి ఊరి పేరూ నేక, మాకు సెక్రట్రీ ఎందుకు?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. జగన్నాధానికి రోషం వచ్చింది.

"మరి నడిపేదెవులు? సెప్పు."

"నాను."

మాట బయటికొచ్చాక గాని అదెంత మాటో ఆవిడకి తెలియలేదు. నలభై మంది విన్నారు. పక్కనే కూచున్న కాంతం ఆవిడ మోచెయ్యి గిల్లి, "నీకు టీవీ రిమోటే రాదు కదప్పా," అని గొణిగింది.

"రిమోటు మీ బావ సేతిలో ఉంటాది. సెవులినపడవు గాని సౌండు మాత్రం ఆయనే పెంచుతాడు. నాకెప్పుడిచ్చాడు, రావడానికి?"

మర్నాడు విజయనగరం నుంచి ఝాన్సీ అనే పిల్ల బస్సు దిగింది. జిల్లా ఆఫీసువాళ్లు రెండు రోజులు నేర్పమని పంపారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మాట మెత్తన. కూర్మమ్మని చూడగానే "పెద్దమ్మా" అని పిలిచింది. అందుకు కూర్మమ్మ ఆ పిల్లని మొదటి గంట ఏమీ అనలేదు.

ఝాన్సీ పెట్టె మూత తెరిచి, "కింద ఈ నున్నటి పలక ఉంది కదండీ, దీని మీద వేలితో రాస్తే పైన బాణం గుర్తు కదులుతుంది," అని చూపించింది. కూర్మమ్మ ముందుకి జరిగి, వేళ్లు ముంతలో ముంచి, పలక మీద పెట్టింది. బాణం కదల్లేదు. గట్టిగా రాసింది. కదల్లేదు. ఝాన్సీ వేలు పెడితే చేపపిల్లలా పరిగెడుతుంది.

"ఇదేటి, సిన్నోళ్ల మాటే ఇంటాదేటి?"

ఝాన్సీ పలక మీద బూడిదరంగు చారలు చూసింది. "పెద్దమ్మా, చేతికి ఏం రాసుకున్నారు?"

"బూడిద."

"బూడిదెందుకండీ?"

"సన్నపని సేసినప్పుడు రాసుకోకపోతే తెగిపోతాది."

"ఇందులో తెగడానికేమీ లేదండీ."

"అది నాకేటి తెలుసు. నువ్వు ముట్టుకుంటే కందిపోతాదన్నట్టు తెరిసినావు మరి."

సబ్బుతో కడుక్కొచ్చింది. అప్పుడు నాలుగుసార్లకి ఒకసారి కదిలింది. దున్నపోతులా కదిలి ఆగిపోయింది. పోనీ తాళం తీసే పద్ధతైనా సులువు చేద్దామని, వేలిముద్ర పెడితే తెరుచుకునేలా చెయ్యబోయింది ఝాన్సీ. మూల బటను మీద కూర్మమ్మ పది వేళ్లూ ఒకదాని తరవాత ఒకటి పెట్టించింది. ఒక్కటీ పట్టలేదు.

"మీ వేళ్ల గీతలు అరిగిపోయాయి పెద్దమ్మా. మిషన్‌కి ఏమీ కనబడట్లేదు."

షెడ్డులో రాట్నాలు ఆగిపోయాయి. జగన్నాధం మీసం కింద నవ్వుకున్నాడు. కూర్మమ్మ అరచెయ్యి కిటికీ వెలుగులో పట్టి చూసుకుంది.

"అరిగిపోనేదమ్మా. నూలులోకి పోయినాయి. యాభై అయిదేళ్ల నూలు. దానికి కనబడకపోతే దానికే సూపు తక్కువ."

ఝాన్సీ కాసేపు ఆలోచించింది. కాలేజీలో ఉండగా తన లాప్‌టాప్‌కి ఆ పలక పాడైతే, బాగు చేయించే వీల్లేక ఏడాదంతా బటన్లతోనే నడిపిన సంగతి గుర్తొచ్చింది. "అసలా పలక జోలికే వద్దండీ పెద్దమ్మా. అన్నీ బటన్లతోనే చేద్దాం. బటను నొక్కడానికి ముద్రలక్కర్లేదు," అంది.

ఆ రెండు రోజులూ పాఠం అదే. బటన్ల మీద తెలుగు అక్షరాల అట్టలు అతికించారు. పేర్లు మాత్రం కూర్మమ్మ తనవే పెట్టుకుంది. ఎడం చేతి పక్క పొడుగ్గా ఉన్నది ఒక గడి నుంచి ఇంకో గడికి తీసుకుపోతుంది గనక అది దాటుడు బటను. కుడి పక్క పెద్దది సరే బటను. పై మూలనున్నది వద్దు బటను. బాణాలున్న నాలుగూ నాలుగు దారులు. ఝాన్సీ కాగితం మీద రాసిస్తానంటే వద్దంది.

"రాస్తే కాయితం సూస్తాను. రాయకపోతే మిషన్ని సూస్తాను."

ఝాన్సీ వెళ్లిపోయాక అసలు చిక్కు వచ్చింది. పెట్టె బీరువాలో ఉంటుంది, తాళం జగన్నాధం మొలతాడుకి ఉంటుంది. రోజుకి ఒక గంట తీసిచ్చి, "ఇంక సాలు వొదినా, ఏడెక్కిపోతన్నాది," అని లోపల పెట్టేసేవాడు. గంటలో వేళ్లకి దారి తెలిసేదెప్పుడు?

మూడో రోజు తెల్లవారి కాంతం కల్లాపి చల్లడానికి బయటికొచ్చి చూస్తే, కూర్మమ్మ వాకిట్లో అంతా గళ్లు. ఆరు వరసలు. గడి గడికీ మధ్యలో ఒక అక్షరమో, ఒక గీతో. వాటి ముందు పీట వేసుకుని కూర్మమ్మ రెండు చేతులూ ఆడిస్తోంది.

"ఇదేటి ముగ్గప్పా, సుక్కల్లేవు?"

"ఎనక్కి జరగవే. వద్దు బటను మీద నిలబడ్డావు."

రోజూ అదే ముగ్గు. ఏ గడి పక్కన ఏ గడో పిండి చేత్తో వేస్తే వేలికి ఎక్కిపోతుందని ఆవిడ లెక్క. నారాయణమూర్తి పాలచెంబు పట్టుకుని ఆ వరసల చుట్టూ తిరిగి పోయేవాడు. ఒకరోజు ఏదో నోమనుకుని, సరే బటను నడిమధ్య ఒక బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. కూర్మమ్మ ఏమీ అనలేదు. అన్నా వినబడదు గదా.

ఆరో రోజున పెద్ద గండమే వచ్చింది. పై వరసలో అక్షరాలకి బదులు చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఝాన్సీ వాటిని తరవాత చెబుతానని మరిచిపోయింది. అందులో రెండు పువ్వులు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చూద్దామని కూర్మమ్మ చిన్న పువ్వు నొక్కింది. ఏమీ కాలేదనుకుని మళ్లీ నొక్కింది. పదిసార్లు నొక్కేసరికి అద్దం పాలిపోయి, మసకై, చీకటైపోయింది.

జగన్నాధం పరిగెత్తుకొచ్చాడు. "సంపీసినావా వొదినా? నాను సంతకం ఎట్టి తెచ్చినాను దాన్ని."

"ముట్టుకోకు."

ఆవిడ అరచెయ్యి పెట్టె అడుగున పెట్టింది. వెచ్చగా ఉంది. చెవి ఆనించింది. లోపల గాలి సన్నగా తిరుగుతోంది. "పేణముంది. కళ్లు మూసుకున్నాది, అంతే," అంది.

నూలు తెగితే కంగారు పడి ముందుకి లాగరు. తెగిన చోటికి వెనక్కి వెళతారు. కూర్మమ్మా వెనక్కే వెళ్లింది. చివర నొక్కింది చిన్న పువ్వు. మరి పెద్ద పువ్వు ఎందుకుంది? నొక్కింది. అద్దం మీద సన్నగా వెలుగు లేచింది. ఇంకోసారి, ఇంకోసారి. తెల్లారినట్టు తెరుచుకుంది.

"పువ్వులు కావర్రా. సూర్యుళ్లు. సిన్న సూర్యుడు పొద్దుగూకడం. పెద్ద సూర్యుడు పొద్దెక్కడం."

నలభై మందీ ఊపిరి వదిలారు. కాంతం వంగి ఆ రెండు బొమ్మలూ దగ్గరగా చూసి, "నిజమే, కిరణాలున్నాయి," అంది.

ఆ రోజుతో కూర్మమ్మకి భయం పోయింది, జగన్నాధానికి పట్టుకుంది. ఎందుకంటే ఆవిడ పద్ధతి మార్చింది. ప్రతి బొమ్మా నొక్కి, ఏది చెడుతుందో చూసి, మళ్లీ బాగుచేసేది. విమానం బొమ్మ నొక్కితే నెట్ ఎగిరిపోయింది. మళ్లీ నొక్కితే దిగింది. గొట్టాంలాంటి బొమ్మ నొక్కితే నోరు మూతపడింది. మైకు మీద గీత ఉన్నది నొక్కితే ఎర్ర దీపం వెలిగింది, అది వెలిగినంతసేపూ మన మాట అవతలికి పోదు. "ఏ బటను ఏటి పాడు సేస్తాదో తెలిస్తేనే దాన్ని ఎరిగినట్టు," అనేది. జగన్నాధం ఆ గంటసేపూ బయట అరుగు మీద కూచుని బీడీ కాల్చుకునేవాడు. చూడలేక.

శుక్రవారం వచ్చింది. పదిన్నరకే షెడ్డు నిండిపోయింది. ఆరోజు వచ్చినన్ని ఉతికిన చీరలు ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు. జగన్నాధం పొద్దున్నే పెట్టె బయటికి తీసి, ఆఫీసరుగారు చూస్తారని తడిగుడ్డతో అంచులన్నీ అద్దంలా తుడిచాడు. కూర్మమ్మ పెట్టెని స్టూలు మీద, రాట్నాన్ని పక్కన పెట్టుకుని కూచుంది. రహస్యపు మాట కొట్టింది, తెరుచుకుంది. నాలుగు దారుల్లో రెండు అడుగులు కిందికి, సరే. దాటుడు నాలుగుసార్లు, సరే. అద్దం మీద గళ్లు గళ్లుగా మనుషులు వచ్చారు. ఒక గడిలో ఆఫీసరు, ఒక మూల ఝాన్సీ, ఇంకో గడిలో ఏటవతల డిగ్రీ కోడలు.

"నూతివలస, మీ మాట వినబడుతోందండీ," అన్నాడు ఆఫీసరు. "మీరే కనబడట్లేదు. నల్లగా ఉంది."

కూర్మమ్మ పెద్ద సూర్యుడు నొక్కింది. వాళ్ల మొహాలు ఇంకా తెల్లగా అయ్యాయి గాని, తన గడి నల్లగానే ఉంది. అంటే అద్దానికి రోగం లేదు. రోగం అవతలికి చూపించే కంటికే.

"సార్, మాది క్లియర్‌గా ఉంది కదండీ," అంది ఏటవతల కోడలు.

ఝాన్సీ ఏదో చెప్పబోయింది. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "ఆవిణ్ణే చూసుకోనివ్వండి. రెండు నిమిషాలు చూద్దాం. కాకపోతే ఇంక అవతల సెంటర్లోనే ఉంచుదాం."

ఆ మాట వినేసరికి జగన్నాధం ఆగలేకపోయాడు. "ఇలగియ్యి వొదినా," అని మీద పడి పలక మీద వేలు అడ్డదిడ్డంగా రాశాడు. అద్దం మీద ఏదో తెల్ల గడి ఒకటి తెరుచుకుని మనుషులందర్నీ కప్పేసింది. కూర్మమ్మ అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

"సెయ్యి తియ్యి. నువ్వెన్ని నూలు చిలపలు వడికినావని ముట్టుకుంటన్నావు?"

వద్దు బటను నొక్కింది. కప్పిన గడి పోయింది. అటు పక్క అందరూ నవ్వుతున్నారు. మైకు తెరిచే ఉంది మరి.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అద్దం పై అంచు చూసింది. నల్లటి పట్టీ, మధ్యలో ఆవగింజంత కన్ను. నిన్న నల్లగా ఉన్న కన్ను ఇవాళ ఎర్రగా ఉంది. నొక్కడానికి అక్కడ బటనేమీ కనబడలేదు. కళ్లజోడు తీసేసి, కళ్లు మూసుకుంది. చూపుడువేలు పట్టీ ఎడం కొస నుంచి మెల్లగా నడిపించింది. ఏకులో నలుసుని, నూలులో ముడిని పట్టే వేలు అది. మధ్యకొచ్చేసరికి ఒక గరుకు తగిలింది. కంటికి ఆనని నాలుగు గాట్లు. అటు నెట్టింది, కదల్లేదు. ఇటు నెట్టింది. టిక్కుమంది.

నల్ల గడి నిండా నూతివలస వచ్చింది. ముందు కూర్మమ్మ, వెనక ముప్ఫై తొమ్మిది మంది, వాళ్ల వెనక గోడకి ఆనుకుని చెయ్యి నిమురుకుంటున్న జగన్నాధం.

"ఏం చేశారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"కంటికి మూతుందండి. పొద్దున్న మావోడు తుడిసినప్పుడు మూసుకుపోయినట్టున్నాది. తీసినాను. మూతుందని ముందుగా ఎవులూ సెప్పనేదు."

మూలగడిలో ఝాన్సీ తల దించుకుంది. "నేనే మరిచిపోయాను సార్. ఆవిడకి టచ్‌ప్యాడ్ కూడా పనిచెయ్యదు. అన్నీ కీబోర్డు మీదే చేస్తున్నారు."

"నూలు చూపిస్తారా?"

కూర్మమ్మ ముంతలో వేళ్లు ముంచి, ఎడం చేత్తో ఏకు పట్టి, రాట్నం తిప్పింది. కదురు మొన నుంచి చెయ్యి చాపినంత దూరం నూలు సాగింది. దాన్ని కంటికి దగ్గరగా తీసుకొచ్చి నిలబెట్టింది. అద్దంలో కాసేపు ఎవరికీ కనబడలేదు, అంత సన్నం. తరవాత వెలుగు పడి మెరిసింది. ఏటవతల కోడలు ముందుకి వంగి, "ఇది మీ దగ్గర నుంచా వస్తున్నది?" అంది. ఎకసెక్కెంగా కాదు. నిజంగానే తెలియక అడిగింది.

"మరి మీ తూర్పుగాలికి పుడతాదనుకున్నావేటమ్మా?" అంది కూర్మమ్మ. ఆ పిల్ల నవ్వేసింది.

ఆఫీసరు ఎంతోసేపు తీసుకోలేదు. పెట్టె నూతివలసలోనే ఉంటుందన్నాడు. ఏటవతల వాళ్లకి కూడా కూర్మమ్మ వెళ్లి నేర్పాలన్నాడు. "నానెళ్లను. ఆల్నే రమ్మనండి. కాఫీ ఇస్తాను," అంది ఆవిడ. సరేనన్నాడు. మొదటి కట్ట వివరం ఇప్పుడే ఎక్కించమని చెప్పి వెళ్లిపోయాడు.

జగన్నాధం కొంచెం తేరుకుని దగ్గరికొచ్చాడు. "ఊరి పేరు నాను కొడతాను వొదినా. స్పెల్లింగు పోతాది."

"కూకో. నా ఊరి పేరు నాకు రాదేటి?"

ఒక్క వేలితో కొట్టింది. న. దానికి కొమ్ముదీర్ఘం. త. గుడి. వ. ల. స. ఏడు నొక్కులు. ఒక్కొక్క అక్షరం పడుతుంటే వెనకనున్న ఆడవాళ్లు బళ్లో పిల్లల్లా పైకి చదివారు. ఆఖరి అక్షరం పడ్డాక ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకుంటే, కూర్మమ్మ వెనక్కి తిరగకుండానే, "ఏడవాలనుంటే బయటికెళ్లండి. బటన్ల మీద తడి పడితే పాడైపోతాదంట," అంది.

తరవాతి గడి, వడికినవారి పేరు. జగన్నాధం కూర్మమ్మ పేరు చెప్పబోయాడు. ఆవిడ వెనక్కి తిరిగి కాంతం కేసి చూసింది.

"ఇయ్యాల్టి మొదటి కట్ట నీది. సెప్పు."

"కాంతం అని రాసీ అప్పా."

"ఉత్త కాంతమేటే. ఇంటిపేరుతో సెప్పు. ఈ దేశంలో ఎంతమంది కాంతాలు నేరు."

కాంతం లేచి నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పింది. తరవాత పక్కావిడ లేచింది. తరవాత ఆ పక్కావిడ. రేషను డిపోలో కూడా అంత బుద్ధిగా వరస కట్టలేదు వాళ్లు. అన్నాలవేళ దాటింది, ఎవరూ కదల్లేదు. నారాయణమూర్తి గుమ్మంలోకొచ్చి చేత్తో ముద్ద సైగ చేసి, ఎవరూ పట్టించుకోకపోతే తనూ లోపలికొచ్చి కూచున్నాడు.

రెండు దాటేసరికి ముప్ఫై తొమ్మిది పేర్లు ఎక్కాయి. కూర్మమ్మ తన పేరు అన్నిటికన్నా కింద కొట్టుకుంది. ముందు కొట్టుకుంటే జగన్నాధం ఏడాదంతా ఊళ్లో చెప్పుకుంటాడని. రెండు ఒత్తులున్న పేరు. ఒక్క తప్పు పోలేదు.